సీసపు కెస్ట్రెల్

బ్రాంట్‌ఫీల్డ్‌లో కార్ల ఫ్యాక్టరీ పోయాక మిగిలింది పాత కార్ల జాతర ఒక్కటే. ఏటా ఆగస్టులో ఒక శనివారం మిల్ రోడ్డు పొడవునా పాత కార్లు బారులు తీరతాయి. యజమానులు మడత కుర్చీలు వేసుకుని, పక్కన ఐసు పెట్టెలో బీరు డబ్బాలు పెట్టుకుని, ఎవరి కారుకు వాళ్లే కాపలా కూర్చుంటారు. చూడ్డానికి వచ్చేవాళ్లూ వాళ్లే. సాయంత్రం దాకా ఒకరి కారును ఒకరు మెచ్చుకుని, ఇంటికి తోలుకుపోయి, దుప్పటి కప్పి తాళం వేస్తారు. ఒకప్పుడు నిమిషానికో కారును కన్న ఊరు ఇప్పుడు ఏడాదికోసారి వాటి తద్దినం పెడుతోంది.

ఆ బారులో కెస్ట్రెల్ కార్లది ప్రత్యేక వరస. ఆ కారు పుట్టింది ఈ ఊళ్లోనే. అయిదు తరాల కెస్ట్రెళ్లను పుట్టిన క్రమంలోనే నిలబెడతారు. ముందు పొడుగాటి ముక్కు, పొట్టి తోక ఉన్న అరవైల కార్లు. తర్వాత ఒళ్లొచ్చి ఊపిరి తగ్గిన డెబ్బైలవి. ఆ పక్కన స్కేలు పెట్టి కోసినట్టుండే ఎనభైలవి, వాడి వాడి అరిగిన సబ్బు బిళ్లల్లాంటి తొంభైలవి. చివర్లో, తాత ఫోటో చూసి వేషం కట్టిన మనవడిలా, మొదటి తరం మొహం తగిలించుకున్న కొత్తవి.

డెల్మర్ ప్రూయెట్ ఏటా ఆ వరస వెంట ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాడు. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి. బానెట్ ఎత్తి చూడడు. ఇంజను చప్పుడు వినమని ఎవరైనా పిలిస్తే ఆగడు. ప్రతి కారు దగ్గరా, పైకప్పు వెనక్కి వాలి ఒంటి రేకును కలిసే చోట అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని ఒకసారి కిందికీ పైకీ నిమురుతాడు.

"ఏం డెల్మర్ బాబాయ్, దానికి జ్వరమా?" అని కుర్చీల్లోంచి ఎవరో ఒకరు అడుగుతారు.

"ఉండాల్సినంత లేదు," అంటాడు.

ఆ వెనకే కొడుకు వెండెల్ నడుస్తాడు. యాభై దాటినవాడు, తండ్రి కన్నా తల పొడుగు. ప్రతి కారు ఏ ఏడాదిదో, ఆ ఏడాది వెనక దీపాలు ఎలా మారాయో, ఏ రంగు ఎప్పుడు మానేశారో, అడగకపోయినా చెబుతాడు. ఒక్కటీ తప్పు పోదు. కానీ గోడ గడియారం చూసి టైమెంతో చెప్పమంటే వాడికి రాదు. కుడిచెయ్యి ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఆ జేబులో బొటనవేలంత కారు బొమ్మ ఒకటి ఉంటుంది. సీసంతో పోసింది.

ఈ కథంతా ఆ బొమ్మదే.

డెల్మర్ పంతొమ్మిదేళ్ల వయసులో కెంటకీ కొండల్లోంచి వచ్చాడు. వాళ్ల నాన్న బొగ్గు గనిలో ముప్ఫయ్యేళ్లు పనిచేసి, చివరి మూడేళ్లు మంచం మీద కూర్చుని నల్లగా దగ్గాడు. ఆ దగ్గు విన్న కొడుకు, భూమి కింద మాత్రం పనిచెయ్యనని ఒట్టుపెట్టుకుని ఉత్తరాదికి బస్సెక్కాడు. ఫ్యాక్టరీలో చేరిన రోజు తల్లికి ఫోన్ చేసి చెప్పాడు: "ఇక్కడ పైన అద్దాల కప్పు ఉందమ్మా. పగలంతా వెలుతురే." వెలుతుర్లో కూడా దుమ్ము ఉంటుందని అతనికి అప్పటికి తెలియదు.

అతన్ని సీసం గదిలో వేశారు. కారు పైకప్పు ఒక రేకు, వెనక చక్రం మీదిది ఇంకో రేకు. రెంటినీ వెల్డింగు చేస్తే మధ్యలో గాడి మిగులుతుంది. కొన్నవాడి కంటికి కారంతా ఒకే రేకును వంచి చేసినట్టు కనపడాలంటే ఆ గాడి మాయం కావాలి. దాన్ని యాసిడ్‌తో తుడిచి, తగరం కళాయి పూసి, సీసం కడ్డీని మంట మీద వెన్నలా మెత్తబడేదాకా కాచి, గాడిలోకి నొక్కి, మైనం రాసిన చెక్క తెడ్డుతో సాపు చెయ్యాలి. వేడి ఎక్కువైతే సీసం జారి బూట్ల మీద పడుతుంది. తక్కువైతే అటుకుల్లా పొరలు లేస్తుంది. ఆరాక ఆకురాయితో రాకి, అరచేత్తో నిమిరి చూసుకోవాలి. కంటికి అందని ఎత్తుపల్లం అరచేతికి అందుతుంది. చెయ్యి పొరబడితే, రంగు పడ్డాక కంటికి తెలుస్తుంది. ఆ తర్వాత ఫోర్‌మన్ నోటికి తెలుస్తుంది.

కారుకు ఇద్దరు. కుడివైపు డెల్మర్, ఎడమవైపు కాజ్ దుబిస్కీ అనే పోలిష్ కుర్రాడు. మధ్యలో కారు అడ్డంగా ఉండటం వల్ల వాళ్ల స్నేహమంతా పైకప్పు మీదుగా జరిగింది. ఇద్దరికీ ఒకరి తల, భుజాలు ఒకరికి తెలుసు. మిగతాది ఆదివారాలు బీరు కొట్లో తెలిసింది.

గదిలోకి వెళ్లేవాళ్లకు గాలి గొట్టం తగిలించిన ముసుగు ఇచ్చేవాళ్లు. వేసవిలో దాని అద్దం మసకబారేది, చెమట కళ్లలోకి కారేది. ముసుగు వేసుకుని గాడికి వేసిన సీసపు మాటు బాగా రాదని పనివాళ్ల నమ్మకం. చాలామంది దాన్ని వీపు మీదికి తోసేసేవాళ్లు. సీసం విషమని అందరికీ తెలుసు. దానికి విరుగుడు పాలు. పాలు తాగితే సీసం ఒంట్లో అంటుకోదని పాతవాళ్లు చెప్పారు. వాళ్లకు అంతకన్నా పాతవాళ్లు చెప్పారు. యూనియన్ ఏడాదిపాటు పోట్లాడి సీసం గదిలో తలా ఒక సీసా పాలు సాధించింది. ముసుగులు మార్చమని మాత్రం ఒక్కపూట కూడా పోట్లాడలేదు.

పాలు గెలిచిన రోజు కాజ్ పైకప్పు మీదుగా సీసా ఎత్తి, "మీ అమ్మ మాన్పించిన పాలు కంపెనీ మళ్లీ పట్టింది రా డెల్మర్. తాగు, తాగు, మూతి తుడుచుకో," అన్నాడు.

ఆ గదికి ఇంకో ఆనవాయితీ ఉండేది. ఎవరికి బిడ్డ పుట్టినా, నేల మీద రాలిన సీసం ఊడ్చి కరిగించి, ఆ ఏడాది కెస్ట్రెల్ ఆకారంలో ఒక బొమ్మ పోసేవాళ్లు. అచ్చు కాజ్ చేసేవాడు. ఆకురాయి మాత్రం తండ్రే పట్టాలి. ఊరు నిండా అలాంటి బొమ్మలే. ఆ ఏళ్లలో బ్రాంట్‌ఫీల్డ్‌లో పుట్టిన పిల్లలకు తల్లి ముఖం తర్వాత తెలిసిన ముఖం కెస్ట్రెల్‌దే.

డెల్మర్ లోరీన్ అనే అమ్మాయిని పెళ్లిచేసుకున్నాడు. అరవై తొమ్మిదిలో, తన గది దాటి వచ్చిన కార్లలోంచే ఒకటి కొన్నాడు, ముదురు ఆకుపచ్చది. మరుసటేడు వెండెల్ పుట్టాడు. డెల్మర్ మూడు మధ్యాహ్నాలు తిండి మానుకుని వాడి బొమ్మకు ఆకురాయి పట్టాడు. అంత చిన్న పైకప్పు మీద కూడా అతుకు కనపడకూడదని. వాడు దాన్ని పిడికిట్లోంచి వదిలేవాడు కాదు. పళ్లొచ్చే రోజుల్లో దాన్నే కొరికాడు. పైకప్పు వెనక మూల రెండు పాలపళ్ల గాట్లు పడ్డాయి. తీయగా ఉందని, మాటలొచ్చాక తనే చెప్పాడు. ఆ మాటకి అందరూ నవ్వారు.

మాటలు ఆలస్యంగా వచ్చాయి. అక్షరాలు రానే లేదు. ఒకటో క్లాసు రెండుసార్లు చదివాడు. లోరీన్, తను కడుపుతో ఉండగా చర్చి మెట్ల మీద మంచుకి జారి పడ్డానని, బిడ్డ తలకు అప్పుడే దెబ్బ తగిలిందని తీర్మానించుకుంది. పడి లేచి, ఎవరికీ చెప్పకుండా పాట పాడటానికి వెళ్లింది కాబట్టి ఆ పాపం తనదేనంది.

ఈలోగా కెస్ట్రెల్ రెండో తరానికి వచ్చింది. పెట్రోలు కరువు, పొగ మీద చట్టాలు. డెబ్బై అయిదుకల్లా ఇంజను గొంతు నొక్కేశారు. పేరు అదే, పక్కన చారలు ఇంకా ఎక్కువ, గుండెలో గుర్రాలు సగం. పైకప్పు మీద రెక్సిను తొడుగు వేయించుకోవడం ఫ్యాషనైంది. తొడుగు వేసే కార్లకు మాటు ఎలా ఉన్నా ఫర్వాలేదు. సరిగ్గా కుదరనివన్నీ రెక్సిను కిందికి పంపేవాళ్లు. లోపల ఏముందో ఎవడికి కావాలి.

డెబ్బై తొమ్మిదిలో పనివాళ్లందరికీ రక్తం పరీక్ష చెయ్యాలని కొత్త నిబంధన వచ్చింది. పరీక్ష ముందు రోజు సీసం గదిలో ఒక్కొక్కడు కడుపు ఉబ్బేదాకా పాలు తాగాడు. ఏం లాభం లేకపోయింది. డెల్మర్ కాగితం చూసి కుర్ర డాక్టరు తలుపు వేసి అడిగాడు:

"పిల్లలున్నారా?"

"ఒకడు."

"పని బట్టలు ఇంట్లోనే ఉతుకుతారా?"

"ఇంకెక్కడ ఉతుకుతారు?"

"బాబు ఎలా ఉన్నాడు? చదువు అదీ?"

డెల్మర్ ఆ బొమ్మ గురించి చెప్పాడు. డాక్టరు కలం కింద పెట్టేశాడు. అంతా దానివల్లేనని చెప్పలేనన్నాడు. దానివల్ల కాదని కూడా చెప్పలేనన్నాడు. పోయింది తిరిగి రాదని మాత్రం గట్టిగా చెప్పాడు.

డెల్మర్ ఆ సాయంత్రమే బొమ్మను తీసి గరాజులో అటక మీద దాచాడు. వెండెల్ అన్నం మానేసి ఏడ్చాడు; జ్వరం తెచ్చుకున్నాడు. మూడో రోజు లోరీన్ ఇల్లంతా వెతికి, నిచ్చెన వేసి దాన్ని పట్టుకుని, "వాడికున్నది ఇదొక్కటి. అది కూడా నీకు కంటగింపైందా?" అని మొగుణ్ణి నిలదీసి, కొడుకు చేతిలో పెట్టింది. మళ్లీ లాక్కోవాలంటే ఎందుకో చెప్పాలి. చెబితే, ఆ సీసం దుమ్ము బట్టలు దులిపి ఉతికిన చెయ్యి తనదేనని ఆమె తననే నిందించుకుంటుంది. అందుకని చెప్పలేదు. చర్చి మెట్ల పాపాన్ని ఆమెకే ఉంచేశాడు. ఆమె దాన్ని మోసుకుంటూనే పోయింది.

మూడో తరం వచ్చేసరికి కంపెనీకి తెలివి వచ్చింది. గాడిని నింపడం ఎందుకు, దాని మీద ప్లాస్టిక్ బద్దీ ఒకటి నొక్కితే పోలేదా? సీసం గది మూసేశారు. తెడ్లు చెత్తబుట్టలో వేస్తుంటే డెల్మర్ రెండు తీసుకుని ఇంటికి వచ్చాడు. తర్వాత ఇరవయ్యేళ్లు కార్లు తయారయ్యే లైనులో నంబరు పలక మీద దీపాలు బిగించాడు. నాలుగో తరం ఎవరూ కొనలేదు. లైను ఆగింది, గేటుకు గొలుసు పడింది, ఆ తర్వాత గేటు కూడా పోయింది. ఇప్పుడక్కడ తారు పగుళ్లలో గడ్డి. అయిదో తరం ఇంకో రాష్ట్రంలో, మనుషులు తక్కువగా ఉన్న ఫ్యాక్టరీలో పుట్టింది. బ్రాంట్‌ఫీల్డ్ వాళ్లు సిగ్గులేకుండా దాన్నీ కొన్నారు.

ఎనభై తొమ్మిదిలో ఒకసారి, ఇంకా లైను నడుస్తున్న రోజుల్లో, పద్ధతి ప్రకారం తండ్రి మాట మీద కొడుకును ఫ్యాక్టరీ ఉద్యోగ పరీక్షకు కూర్చోబెట్టారు. వెండెల్ కొత్త చొక్కా వేసుకుని వెళ్లి, కాగితం మీద చక్కటి కెస్ట్రెల్ బొమ్మ గీసి వచ్చాడు. అంతకు మించి రాయడం రాలేదు. ఆ తర్వాత వాణ్ణి కార్లు కడిగే చోట పెట్టుకున్నారు. అక్కడే ఉన్నాడు.

ఇదీ డెల్మర్ జీవితం. మిగిలింది ఈ వేసవి.

జూన్‌లో ఒక ఆదివారం వెండెల్ ఆకుపచ్చ కారును కడుగుతూ పిలిచాడు. "నాన్నా, దీనికి పొక్కు లేచింది."

పైకప్పు మూల, కుడివైపు. రంగు కింద అర్ధరూపాయంత బొబ్బ. కళాయి వేసేముందు యాసిడ్ పూర్తిగా తుడవకపోతే అది సీసం కింద నక్కి, నెమ్మదిగా తింటూ పైకి లేస్తుంది. యాభై అయిదేళ్లు తిన్నది. ఎడమవైపు కాజ్ చేసిన మాటు అద్దంలా ఉంది. పొరబడింది డెల్మర్ చెయ్యే.

"మళ్లీ సీసం పోద్దాం," అన్నాడు వెండెల్. "నీ తెడ్లు అటక మీదున్నాయిగా. నువ్వు చెప్పు, నేను పోస్తా. నీ చేతులు వణుకుతున్నాయి. నావి వణకవు. చూడు."

చేతులు చాపి చూపించాడు. నిజంగానే వణకలేదు.

వాడు పుట్టి బుద్ధెరిగాక తండ్రిని ఏదైనా నేర్పమని అడగడం అదే మొదటిసారి. 'బుద్ధెరిగాక' అనే మాట మనసులో మెదిలి డెల్మర్ తల తిప్పుకున్నాడు.

"లప్పం పెడదాం. ఇప్పుడంతా లప్పమే," అన్నాడు.

"లప్పం దొంగపని అని నువ్వే అన్నావు."

"అప్పుడన్నాను. సీసం ఎందుకూ పనికిరాదు. చూశావుగా, పొక్కింది."

సాయంత్రం కాజ్ వచ్చాడు. భార్య పోయాక ఆదివారాలు ఇక్కడే తింటాడు; ఉల్లిపాయలు, ఆవపచ్చడి దండిగా పెట్టించిన కోనీ సాసేజి బన్నులు మూడు పొట్లం కట్టించుకొస్తాడు. సంగతి విని తినడం ఆపాడు.

"లప్పమా? నీ కారుకా? సీసం గదిలో చచ్చినవాళ్లంతా లేచొస్తారు రా. వాళ్లలో నేను బాకీ ఉన్నవాళ్లు కూడా ఉన్నారు, రానీకు."

"కాజ్ మామా, నాకు నేర్పమని చెప్పు," అన్నాడు వెండెల్.

"వాడు నేర్పకపోతే నేను నేర్పుతా. కాకపోతే నాది ఎడంవైపు పని. నీ కారు తిరగేసి పెట్టుకోవాలి."

వెండెల్ పగలబడి నవ్వాడు. డెల్మర్ నవ్వలేదు. కాజ్‌ను రోడ్డు దాకా సాగనంపుతూ, డాక్టరు చెప్పింది ఇన్నేళ్లకు మొదటిసారి బయటపెట్టాడు. కాజ్ విని, కారు తలుపు తీశాడు.

"మా పిల్లలిద్దరూ నోట్లో పెట్టుకున్నారు. ఒకతి బ్యాంకులో పనిచేస్తోంది," అన్నాడు. "వాళ్లకేం కాలేదు. నువ్వు ఊరికే మనసు పాడుచేసుకుంటున్నావు." తలుపు వేసుకున్నాడు. అద్దం దించి, "రెండోది కూడా బానే ఉంది. కోపం ఎక్కువ, అంతే," అని వెళ్లిపోయాడు.

వెండెల్ గరాజులో పొక్కు ఎదురుగా బక్కెట్టు బోర్లించుకుని కూర్చున్నాడు. జేబులోంచి బొమ్మ తీసి, దాని పైకప్పు మీద బొటనవేలు రాస్తున్నాడు.

"నాకు రాదని కదా నాన్నా," అన్నాడు, తల ఎత్తకుండా.

"ఏంటి?"

"సీసం మంచిదే. నాకు రాదని లప్పం అంటున్నావు. పరీక్షప్పుడు కూడా నువ్వు ఏమీ అనలేదు. ఐస్‌క్రీం కొనిపెట్టావు."

ఈ అబద్ధం ఇలాగే ఉంటే వాడు జీవితాంతం ఆ ఐస్‌క్రీం గుర్తుపెట్టుకుంటాడు. డెల్మర్ ఇంకో బక్కెట్టు బోర్లించి వాడి ఎదురుగా కూర్చుని చెప్పాడు. ముసుగు, బట్టలు, దుమ్ము, పాలు, బొమ్మ, డాక్టరు. వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పాడు; ఎక్కడా తనను తప్పించుకోలేదు. చెప్పి, తిట్టు కోసమో దెబ్బ కోసమో ఎదురుచూశాడు. ఏది వచ్చినా తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నాడు.

వెండెల్ బొమ్మను తిప్పి, పాలపళ్ల గాట్లు చూసుకున్నాడు.

"అయితే మొదట్లో నేను తెలివైనవాణ్ణా?"

డెల్మర్ పొక్కు వైపు చూశాడు.

"చెప్పు నాన్నా. పుట్టినప్పుడు. బొమ్మ ఇవ్వకముందు."

"అవును."

"ఎంత?"

"చాలా."

"డెబ్బై అయిదు ఇంజన్లాగా అన్నమాట," అన్నాడు వెండెల్. మొహం విప్పారింది. "ఇంజను మంచిదే. తర్వాత నొక్కేశారు."

"అవునురా."

"నాకెవరూ చెప్పలేదు," అన్నాడు, ఏదో బహుమతి ఆలస్యంగా అందినవాడిలా. డెల్మర్ చెయ్యి చాపి బొమ్మ ఇమ్మన్నాడు, నదిలో పారేస్తానన్నాడు. వెండెల్ పిడికిలి మూశాడు.

"ఇది నువ్వు నాకోసం చేసింది. ఇప్పుడు నేను కొరకను కదా. పెద్దవాణ్ణి." తర్వాత లేచి అటక వైపు చూశాడు. "అయితే సీసం నేర్పు. పోయేది పోయిందిగా. ఇంకేం పోతుంది?"

డెల్మర్ నిచ్చెన తెచ్చి అటకకు ఆనించాడు.

జూలై అంతా నేర్పాడు. తలుపులు బార్లా తీసి, ఇద్దరూ గట్టి ముసుగులు కట్టుకుని, పని అయ్యాక పెరట్లోనే బట్టలు విప్పి, పైపు నీళ్లతో ఒళ్లు కడుక్కున్నారు. పక్కింటివాళ్లు కిటికీ తెరలు లాగేసుకున్నారు. సీసం వెండెల్ మాట వింది. ఎప్పుడు మెత్తబడుతుందో, ఎప్పుడు జారబోతుందో వాడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తెడ్డు రెండు లాగులు లాగాడంటే గాడి మాయం. ఆకురాయి పట్టాక డెల్మర్ అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నాడు. సీసం గదిలో తను చూసిన వాళ్లెవరిదీ, కాజ్‌ది కూడా, ఇంత సాపుగా లేదు.

వాడు ఆ గదిలో అందరికన్నా గొప్ప పనివాడు అయ్యేవాడు. గది లేదు. ఫ్యాక్టరీ ఉన్నన్నాళ్లూ వాణ్ణి లోపలికి రానివ్వలేదు. రానివ్వకుండా చేసింది ఆ గదే. ఈ ముక్కలను ఏ క్రమంలో పేర్చుకున్నా డెల్మర్‌కు చివరికి ఆ సీసం గదే కనిపించింది. పెరట్లో తడి లాగుతో నిలబడి, "బావుంది రా," అన్నాడు. వాడు ఆ మాట వారమంతా తిరిగి తిరిగి చెప్పించుకున్నాడు.

ఆగస్టు శనివారం వచ్చింది. ఆ ఏడు కెస్ట్రెల్ వరస చివర కంపెనీ గుడారం వేసింది. అందులో ఆరో తరం. బ్యాటరీతో నడుస్తుంది. నడిచేటప్పుడు చప్పుడు ఉండదు కాబట్టి, పాత ఇంజను చప్పుడు స్పీకర్లో పెట్టి వినిపిస్తుంది. పైకప్పు మొత్తం ఒకే అద్దం. అతుకు లేదు, అతకడానికి రేకే లేదు.

డెల్మర్ ఎప్పటిలాగే మొదటి చివర నుంచి బయల్దేరాడు. తన ఆకుపచ్చ కారు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాడు. కాజ్ కుర్చీలోంచి, "ఏం, మీ వాడి పనికి వంక పెడదామనా?" అన్నాడు. డెబ్బైల కార్ల మధ్య ఉండగా గుడారం దగ్గర వెండెల్ కనిపించాడు. కొత్త కారు చూపించడానికి వచ్చిన అమ్మాయితో మాట్లాడుతున్నాడు. ఆమెకు ఏడో నెలో, ఎనిమిదో నెలో. వెండెల్ ఎడమ జేబులోంచి ఏదో తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఎండకు అది వెండిలా మెరిసింది.

రాలిన సీసం ఊడ్చి డబ్బాలో పోసి, మూత బిగించి పారేశానని డెల్మర్ అనుకున్నాడు. అందులో కొంత వెండెల్ తీసి దాచుకున్నాడు. తను పడుకున్న పగటివేళల్లో గరాజులోంచి చిన్నగా ఆకురాయి చప్పుడు వస్తుంటే, కారు మీద ముచ్చట పడుతున్నాడనుకున్నాడు.

మూడు తరాల కార్లు దాటుకుని గుడారం దగ్గరికి వెళ్లాడు.

"అమ్మా, అది ఇటివ్వు."

"మీ అబ్బాయే ఇచ్చారండీ, మా పాపకి," అందామె నవ్వుతూ. "ఎంత బావుందో."

"ఇవ్వమన్నాను."

కుర్చీల్లోవాళ్లు ఇటు తిరిగారు. "పోనీ బాబాయ్, బొమ్మే కదా," అన్నాడు ఒకడు. "డెల్మర్‌కి వయసొచ్చి పిసినారితనం ముదిరింది," అన్నాడు ఇంకొకడు.

"నోట్లో పెట్టుకోవద్దని చెప్పాను నాన్నా," అన్నాడు వెండెల్. "అది కూడా చెప్పాను. నువ్వే కదా అన్నావు, గదిలో అందరూ ఇచ్చేవాళ్లని."

"అది సీసం," అన్నాడు డెల్మర్ గట్టిగా, అందరికీ వినపడేలా. "విషం. మన పిల్లలందరికీ ఇదే పెట్టాం. వీడు ఇలా అయింది దీనివల్లే."

ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. బొమ్మ బల్ల మీద పడింది. ఆమె గబగబా గుడారం వెనక్కి పోయి, సీసాలో నీళ్లు పోసుకుని చేతులు కడుక్కోవడం మొదలుపెట్టింది. ఆ వరసలో సగం మంది ఇళ్లల్లో, ఏదో ఒక సొరుగులో, అలాంటి బొమ్మే ఉంది. కాజ్ టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. తన కూతుళ్ల సంగతి ఈసారి చెప్పలేదు. ఎవడో ఒకడు తన అరవై ఎనిమిది ఇంజను తిప్పి గట్టిగా రేపాడు. మిగతావాళ్లు హమ్మయ్య అనుకున్నట్టు అటు తిరిగారు.

ఆ రొదలో వెండెల్ గొంతు పెంచి, పక్కనున్న ముసలాయనకు వివరిస్తున్నాడు. "నిజమేనండీ. నేను మొదట్లో తెలివైనవాణ్ణి. చాలా. మా నాన్ననే అడగండి."

డెల్మర్ బల్ల మీది బొమ్మ తీసుకున్నాడు. అరవై తొమ్మిది కెస్ట్రెల్. పొడుగాటి ముక్కు, పొట్టి తోక. అలవాటు కొద్దీ, కళ్లు మూసుకుని, పైకప్పు మూల బొటనవేలితో నిమిరాడు. ఎత్తుపల్లం ఏమీ తగల్లేదు.